ఓడ దిగిన ఫిడేలు



తిరునాళ్ళలో బొమ్మ ఫిడేళ్ళు అమ్మే మనిషిని చూడని తెలుగువాడు ఉండడు. భుజాన పొడుగాటి గడ, దానికి గుత్తులు గుత్తులుగా వేలాడే ఫిడేళ్ళు. దగ్గరికి వెళ్ళి చూస్తే అందులో ఉన్నదల్లా అరచేతిలో ఇమిడే మట్టి మూకుడు, దాని మూతికి అంటించిన కాగితం, మధ్యలోంచి దూర్చిన వెదురుపుల్ల, ఒకటో రెండో తీగలు, ఇంకో వెదురుబద్దని వంచి కట్టిన కమాను. అమ్మేవాడి చేతిలో అది పాత సినిమా పాటని ముక్కుతో పాడినట్టు ముద్దుగా పలుకుతుంది. పిల్లవాడు మారాం చేసి కొనిపించుకుంటాడు. ఇంటికి తెచ్చి కమాను గీస్తే కీచుమంటుంది తప్ప పాట రాదు. అమ్మినవాడు పాట తన దగ్గరే ఉంచేసుకుని పుల్ల ఒక్కటే ఇచ్చాడని అప్పుడు తెలుస్తుంది.

ఆ బొమ్మని ఎవరూ వయొలిన్ అనరు. ఫిడేలే అంటారు. రోము తగలబడుతుంటే నీరో వాయించాడని సామెతలా చెప్పుకునేదీ ఫిడేలే. నిజానికి నీరో నాటికి ఫిడేలు పుట్టనే లేదు. ఇవాళ మనం చూసే నాలుగు తీగల వాయిద్యం ఇటలీలో రూపు దిద్దుకున్నది 16వ శతాబ్దంలో. నీరో చనిపోయి అప్పటికి పధ్నాలుగు వందల ఏళ్ళు దాటింది. అయినా పాపం, ఆ నింద ఫిడేలు నెత్తిన అలాగే ఉండిపోయింది.

ఇంగ్లీషులో ఫిడిల్, వయొలిన్ అన్నవి ఒకే వాయిద్యానికి రెండు పేర్లు. చెక్కలో తేడా లేదు, తీగల్లో లేదు, కమానులో లేదు. తేడా అంతా అది ఎక్కడ మోగుతోంది, ఎవరు వాయిస్తున్నారు అన్నదాంట్లోనే. నల్లకోటు తొడుక్కుని, ఎదురుగా కాగితం పెట్టుకుని సభాభవనంలో వాయిస్తే అది వయొలిన్. ఐర్లండులోనో స్కాట్లండులోనో ఊరి పబ్బులో మూలబల్ల చుట్టూ చేరి, గ్లాసులు పక్కన పెట్టుకుని, కాగితం ఊసు లేకుండా వాయిస్తే అది ఫిడిల్. ఒకటి దొరలది, ఒకటి ఊరిది. ఆ ఊరి సంగీతాన్నే ఇప్పుడు లోకమంతా కెల్టిక్ సంగీతమని పిలుస్తోంది.

ఆ మేళం కూర్పు చూస్తే మనవాళ్ళకి కొత్తగా ఉండదు. నడుమ ఫిడేలు ఉంటుంది. దాని పక్కన వేణువు, మోచేతి కింద తోలు తిత్తి నొక్కుతూ వాయించే పైపులు ఉంటాయి. మన వీధిభాగవతుల వెనక నిలబడి శ్రుతి పట్టే తోలు తిత్తికి ఆ పైపులు దూరపు చుట్టాలు. ఇక తాళానికి బౌరాన్ అనే వాయిద్యం ఉంటుంది. గుండ్రటి చెక్క చట్రానికి మేకతోలు బిగించి, పొట్టి పుల్లతో కొడతారు. మన డప్పుని తెలిసినవాడికి దాన్ని పరిచయం చెయ్యక్కర్లేదు. అందరూ ఒకే పాటని కలిసి వాయిస్తారు, మళ్ళీ మళ్ళీ వాయిస్తారు, ఒక పాట నుంచి ఇంకో పాటలోకి ఆగకుండా జారుకుంటారు. జిగ్ అనే నాట్యపు నడక మన తకిట తకిట. రీల్ అనేది తకధిమి. వేదిక ఉండదు, తెర ఉండదు. పండరి భజన చేసేవాళ్ళు గుండ్రంగా చేరినట్టే వాళ్ళూ చేరతారు. వినేవాళ్ళు ఎవరో, వాయించేవాళ్ళు ఎవరో ఒక్కోసారి పోల్చుకోవడం కష్టం.

తెలుగులో ఈ రెండు పేర్ల తగాదా నిలవలేదు. ఊరి పేరే సభలోకి నడిచి వచ్చింది. ద్వారం వెంకటస్వామినాయుడుగారంతటి మహావిద్వాంసుణ్ణి జనం ఫిడేలు నాయుడుగారనే పిలిచారు. ఆ పిలుపులో చిన్నచూపు లేదు. పైగా చనువూ గౌరవమూ రెండూ ఉన్నాయి. పండితులు మాత్రం వాయులీనం అని ఒక అందమైన మాట తయారు చేశారు. గాలిలో లీనమయ్యేది అని అర్థం వచ్చేటట్టు, చెవికి వయొలిన్ అని వినిపించేటట్టు. పుట్టించినవాడి చమత్కారానికి జోహారు. అయినా పెళ్ళిపందిట్లో ఎవరూ, వాయులీనం ఆయన భోంచేశాడా అని అడగరు. ఫిడేలాయన భోంచేశాడా అంటారు.

ఈ ఫిడేలు మన దగ్గరికి ఎలా వచ్చిందో చెప్పాలంటే నెల్లూరు తీరం మీదుగానే చెప్పాలి.

పులికాట్ సరస్సుకి ఉత్తరాన దుగరాజపట్నం ఉంది. దక్షిణాన పులికాట్లో అప్పటికే డచ్చివాళ్ళు పాతుకుపోయి ఉంటే, ఇంగ్లీషు ఈస్టిండియా కంపెనీ 1626లో ఈ ఇసకదిబ్బల ఊళ్ళో వర్తకశాల పెట్టుకుంది. తర్వాత ఫిరంగులతో చిన్న కోట కట్టుకుంది. వాళ్ళ కాగితాల్లో దీని పేరు ఆర్మగాన్. కోరమాండల్ తీరంలో ఇంగ్లీషువాళ్ళ తొలి కోట ఇదే. ఇక్కడి పెద్ద ఫ్రాన్సిస్ డే ఇంకా మంచి చోటు వెతుక్కుంటూ దక్షిణానికి వెళ్ళి, 1639లో ఒక ఇసకతిన్నెని సంపాదించాడు. అదే చెన్నపట్నం, అక్కడ లేచిందే సెంట్ జార్జి కోట. ఆర్మగాన్ వెలవెలబోయింది. ఇవాళ ఆ పేరు దీపస్తంభానికి మిగిలింది.

కోట అంటే సిపాయిలు, సిపాయిలంటే బ్యాండు. ఆ బ్యాండులో బాకాలూ పిల్లనగ్రోవులూ ఫిడేళ్ళూ వాయించేవాళ్ళు ఇంగ్లండు, స్కాట్లండు, ఐర్లండు నుంచి వచ్చినవాళ్ళు. వాళ్ళతోపాటు వాళ్ళ ఊరి పాటలూ ఓడ దిగాయి. కంపెనీ వాళ్ళకీ దేశస్థులకీ నడుమ దుబాసీలుండేవారు. గవర్నరు పిగట్ దగ్గర దుబాసీ మనలి ముద్దుకృష్ణ మొదలియారు. ఆయన కొడుకు వెంకటకృష్ణ మొదలియారుకి సంగీతమంటే ప్రాణం. చెన్నపట్నానికి ఉత్తరాన ఉన్న మనలిలో ఆయన ఒక విద్వాంసుడి కుటుంబాన్ని ఆదరించాడు. ఆ విద్వాంసుడు రామస్వామి దీక్షితులు. ఆయన పెద్దకొడుకే ముత్తుస్వామి దీక్షితులు.

కోటలో బ్యాండు వినడానికి అన్నదమ్ములు వెళ్ళేవారు. తమ్ముడు బాలుస్వామికి ఫిడేలు మీద చెవి పడింది. మొదలియారు ఒక ఐరోపా వాద్యకారుణ్ణి కుదిర్చి అతనికి పాఠం చెప్పించాడు. సుమారు మూడేళ్ళు నేర్చుకున్నాడని చెబుతారు. ఆ తర్వాత బాలుస్వామి ఆ వాయిద్యం మీద మన రాగాలు పలికించడం మొదలుపెట్టాడు. కర్ణాటక సంగీతంలో ఫిడేలు కథ అక్కడ మొదలైంది. రాజసభలో చర్చించి తీర్మానించిన మార్పు కాదిది. పొరుగింట్లో మోగుతున్న వాయిద్యాన్ని ఒక కుర్రవాడు ఇష్టపడ్డాడు, డబ్బున్న పెద్దమనిషి ఒకడు సరే నేర్చుకోమన్నాడు, అంతే.

అన్నగారు ఇంకో పని చేశాడు. బ్యాండులో విన్న పాటల వరసలకి సంస్కృతంలో దేవతాస్తుతులు కట్టాడు. వీటిని నొట్టుస్వర సాహిత్యాలంటారు. ఇంగ్లీషు నోట్ అనే మాట మన నోట్లో నొట్టు అయింది. ఇవి సుమారు 40 దాకా ఉన్నాయి, అన్నీ శంకరాభరణం మెట్ల మీద సాగుతాయి. గమకాలు లేవు, వంపులు లేవు, సైన్యం నడిచినట్టు స్వరం వెంట స్వరం నడుస్తుంది. అందుకే పసిపిల్లలకి మొదట్లో వీటిని నేర్పుతారు. వందే మీనాక్షి అనే నొట్టుస్వరం వరస ఐర్లండులో కార్క్ ప్రాంతపు మాలో పట్టణం పేరు మీద ఉన్న నాట్యపు పాటది. ఆ పాట పేరుకి అర్థం మాలో ఊరి జల్సారాయుళ్ళు. తాగి తందనాలాడే కుర్రకారు పాట మధుర మీనాక్షమ్మ సన్నిధికి చేరింది. మహానుభావుడికి ఆ వరసలో తప్పేమీ కనిపించలేదు. మనకీ కనిపించనక్కర్లేదు.

జగదీశ గురుగుహ అనే మరొకటి ఉంది. దాని వరస స్కాట్లండు ఫిడేలుగాళ్ళ పాట, లార్డ్ మెక్డొనాల్డ్ రీల్. ఇదే పాట వేరే ఓడెక్కి అట్లాంటిక్ దాటింది. అమెరికాలో అపలాచియన్ కొండల్లో స్థిరపడిన స్కాట్లండు, ఐర్లండు వలసదారులు దాన్ని వాయించి వాయించి తమదిగా చేసుకున్నారు. అక్కడ దాని పేరు లెదర్ బ్రిచెస్, అంటే తోలు లాగు. ఒకే పాటకి మూడు వేషాలు వచ్చాయి. స్కాట్లండులో ప్రభువు పేరు, అమెరికా కొండల్లో తోలు లాగు, మన దగ్గర గురుగుహ ముద్ర. నెల్లూరులో సంగీతం మేడమ్ ఎదుట చాప మీద కూర్చుని పన్నెండేళ్ళ పిల్ల దాన్ని తకధిమి లెక్కన పాడుతుంటే, టెనెస్సీలో ఎవరో ముసలాయన వరండాలో కుర్చీ వేసుకుని అదే వాయిస్తూ ఉండవచ్చు. ఇద్దరికీ ఒకరి సంగతి ఒకరికి తెలియదు.

ఇంకో పాట ఇంకా వింతగా నెల్లూరు చేరుతుంది. ఇంగ్లండు రాజుని దేవుడు కాపాడాలని కోరే పాట వరసకి దీక్షితులు సంతతం పాహిమాం అనే సాహిత్యం కట్టాడు. రాజు పోయి సంగీత శ్యామల వచ్చింది. ఇదే వరసకి 1831లో అమెరికాలో శామ్యూల్ ఫ్రాన్సిస్ స్మిత్ అనే కుర్రవాడు తన దేశాన్ని పొగుడుతూ పాట రాశాడు. అది అమెరికా వాళ్ళకి దాదాపు జాతీయగీతంలా చెలామణీ అయింది. దీక్షితులు అప్పటికి బతికే ఉన్నాడు, ఎట్టయపురంలో కన్నుమూసింది 1835లో. ఈ స్మిత్ తర్వాత బాప్టిస్టు పాస్టరు అయ్యాడు. అమెరికన్ బాప్టిస్టులు 1840లో నెల్లూరులో మిషన్ పెట్టారు. పెట్టినవాడు శామ్యూల్ డే. ఏళ్ళు గడిచినా చేరినవాళ్ళు వేళ్ళ మీద లెక్కించేటంత మంది. 1853లో ఆల్బనీ పట్టణంలో జరిగిన సభలో, ఈ నెల్లూరు మిషన్ మూసేద్దామా అని చర్చ వచ్చింది. గోడ మీది పటంలో ఇటువైపు ఒకే ఒక్క చుక్క ఉంది. ఎవరో దాన్ని ఒంటరి నక్షత్రం అన్నారు. ఆ రాత్రి స్మిత్ కూర్చుని ఆ ఒంటరి నక్షత్రం ఆరిపోకూడదని పద్యాలు రాశాడు. పొద్దున ఫలహారాల దగ్గర చదివి వినిపించారు. మిషన్ నిలిచింది. లోన్ స్టార్ అనే పేరు దానికి అలాగే ఉండిపోయింది. చెన్నపట్నంలో అమ్మవారి స్తుతి అయిన వరసని పట్టుకుని తన దేశానికి పాట కట్టినవాడు, అప్పటికి కళ్ళారా చూడకుండానే నెల్లూరు మీద కవిత్వం చెప్పాడు. చరిత్ర ఒక్కోసారి కల్పన కన్నా ఎక్కువ చనువు తీసుకుంటుంది.

అపలాచియన్ కొండల సంగతి వచ్చింది కాబట్టి ఒక్క మాట. అక్కడి పాత బాణీని ఓల్డ్ టైమ్ అంటారు. అందులో ఫిడేలు ఐరోపా వలసదారులది, పక్కన వాయించే బాంజో ఆఫ్రికా నుంచి బానిసలుగా తెచ్చినవాళ్ళది. తోలు బిగించిన బుర్ర వాయిద్యాన్ని వాళ్ళు గుర్తుంచుకుని అక్కడ మళ్ళీ తయారు చేసుకున్నారు. ఆ రెండూ కలిస్తేనే ఆ మేళం.

మన ఫిడేలాయనకీ ఆ కొండల ఫిడేలాయనకీ అసలైన చుట్టరికం శ్రుతిలో కనిపిస్తుంది. ఐరోపా సభల్లో వయొలిన్ నాలుగు తీగల్నీ నాలుగు వేరువేరు స్వరాలకి బిగిస్తారు. కొండవాళ్ళు చాలా పాటలకి మంద్రపు తీగలు రెండింటినీ ఒక మెట్టు పైకి బిగిస్తారు. దీన్ని క్రాస్ ట్యూనింగ్ అంటారు. అప్పుడు నాలుగు తీగల్లో రెండే స్వరాలుంటాయి, కింద ఒక జత, పైన అదే జత. మన భాషలో చెప్పాలంటే స, ప, స, ప. కర్ణాటక విద్వాంసుడు తన ఫిడేలుని బిగించుకునేది అచ్చం ఇలాగే. ఎవరి దగ్గర ఎవరూ నేర్చుకోలేదు. పాట వెనక ఆధార షడ్జం ఎప్పుడూ మోగుతూ ఉండాలనుకున్న ప్రతివాడికీ చెయ్యి అటే పోతుంది. ఆయనకి తోలు తిత్తి గుర్తు, ఈయనకి తంబూరా గుర్తు.

ఆ బిగింపు చూడదగ్గ పని. కచేరీకి ముందు విద్వాంసుడు తలని కొద్దిగా పక్కకి వంచి తంబూరా వింటాడు. ఎడమచేత్తో బిరడాని పట్టుకుని వెంట్రుకవాసి తిప్పుతాడు, కుడిచేత్తో కమాను సన్నగా రాస్తాడు. తీగ కింద నుంచి ఎక్కుతూ వస్తుంది, ఇంకా కాదు, ఇంకా కాదు, అదిగో కలిసింది. కలిసిన క్షణాన ఎదుటివాడికి కూడా ఒళ్ళు వదులవుతుంది. సముద్రపు గాలి దగ్గర ఈ పని రెండింతలు. తేమకి బిరడాలు ఉబ్బి మొరాయిస్తాయి, కమాను వెంట్రుకలు సాగుతాయి. ఎంత బిగించినా గంటకోసారి మళ్ళీ చూసుకోవాల్సిందే. తీర గ్రామంలో వాయించిన ఫిడేలాయనెవరైనా ఉప్పుగాలిని తిట్టకుండా ఉండడు.

పట్టుకోవడంలో మాత్రం మనవాళ్ళ దారి వేరు. వాళ్ళు నిలబడో కుర్చీలో కూర్చునో గెడ్డం కింద పెట్టుకుంటారు, పాతకాలపు ఊరివాళ్ళు రొమ్ముకి ఆనించుకుంటారు. మనవాళ్ళు కింద మఠం వేసుకుని, ఫిడేలు తలని కుడికాలి మడమ దగ్గర ఆనించి, రెండో కొసని ఎడమ రొమ్ముకి అదుముతారు. దీనివల్ల ఏమైందంటే ఎడమచెయ్యికి వాయిద్యాన్ని మోసే పని తప్పింది. వేలు తీగ మీద కింది నుంచి పైదాకా జారిపోవచ్చు. జారు, కంపితం, స్ఫురితం అన్నీ ఆ జారుడులోంచే. ఐర్లండువాళ్ళూ స్వరాన్ని ఉత్తినే వదలరు. పక్క స్వరాన్ని వేలితో చటుక్కున తాకి వస్తారు, మన స్ఫురితం లాంటిదే. చెవితో నేర్చుకునే ప్రతి సంగీతంలోనూ ఈ అలంకారం తప్పదు కాబోలు.

చెవితో నేర్చుకున్నది కాగితానికెక్కిన కథ కూడా రెండుచోట్లా ఒక్క కాలంలోనే జరిగింది. షికాగో నగర పోలీసు అధిపతి ఫ్రాన్సిస్ ఓనీల్ ఐర్లండులో పుట్టినవాడు. నగరంలోని ఐరిష్ వాద్యకారులనల్లా వెతికి పట్టుకునేవాడు. దొంగల్నని కాదు, పాటల్ని. వాటిలో 1,850 పాటలు 1903లో అచ్చు వేశాడు. ఆయనకి స్వరం రాయడం రాదు. విని రాసిపెట్టినవాడు ఫిడేలు వాయించే జేమ్స్ ఓనీల్ అనే సార్జంటు. సరిగ్గా మరుసటి ఏడు, 1904లో, ఎట్టయపురంలో సంగీత సంప్రదాయ ప్రదర్శిని వెలువడింది. రాసినవాడు సుబ్బరామ దీక్షితులు. ఆ తొలి ఫిడేలు విద్వాంసుడు బాలుస్వామికి కూతురి కొడుకు, దత్తపుత్రుడు. తమిళదేశం నడిబొడ్డున అచ్చయిన ఆ మహాగ్రంథం తెలుగు లిపిలో ఉంది. అప్పటి సంగీతలోకానికి తెలుగే రాతభాష మరి.

ఇక ద్వారం వారు. 1893లో బెంగుళూరులో పుట్టి విశాఖపట్నంలో పెరిగారు. చూపు బాగా తక్కువ. చదువు సాగకపోతే అన్నగారు ఫిడేలు చేతిలో పెట్టారు. 1919లో విజయనగరం మహారాజు సంగీత కళాశాల పెడితే, ఆదిభట్ల నారాయణదాసుగారు దానికి ప్రిన్సిపాలు. అందులో విద్యార్థిగా చేరదామని వెళ్ళిన నాయుడుగారిని, వాయించమని విని ఆచార్యుడిగా పెట్టుకున్నారని అందరూ చెప్పుకునే కథ. అప్పటికి ఆయనకి 26 ఏళ్ళు. 1936లో ఆయనే ప్రిన్సిపాలయ్యారు. ఫిడేలు అంటే గాయకుడి పక్కన కూర్చునేదే అనుకునే రోజుల్లో ఫిడేలు ఒక్కటే నాయకుడిగా నిండు కచేరీ చేసి ఒప్పించారు. 1952లో యెహుదీ మెనుహిన్ మద్రాసు వచ్చినప్పుడు జస్టిస్ పి.వి. రాజమన్నార్ ఇంట్లో నాయుడుగారి వాద్యం విన్నాడు. ప్రపంచపు వయొలిన్ చక్రవర్తి ఒకడు, కింద కూర్చున్న ఫిడేలు నాయుడుగారి ఎదుట నిశ్చేష్టుడయ్యాడంటారు.

ఫిడేలుకీ రేడియోకీ మొదటినుంచీ పొత్తు ఎక్కువ. ఇది రేడియోలో చెబుతున్నామని కాదు, నిజంగానే. 1925 నవంబరు 28న అమెరికాలో నాష్విల్ రేడియో కేంద్రం మైకు ముందు 77 ఏళ్ళ ఫిడేలు తాత అంకుల్ జిమ్మీ థామ్సన్ కూర్చున్నాడు. గంటసేపు వాయించాడు. అలసిపోయారా అని అడిగితే, ఇప్పుడే కదా చెయ్యి వేడెక్కింది అన్నాడని కథ. ఆ రాత్రి మొదలైన కార్యక్రమం గ్రాండ్ ఓల్ ఆప్రీ పేరుతో ఇవాళ్టికీ నడుస్తోంది. మన ఆకాశవాణి సంగతీ అంతే. తెల్లవారుజామున తంబూరా మీద తేలివచ్చే ఆ సంకేత సంగీతం 1936 నాటిది. కూర్చినవాడు నాజీల నుంచి తప్పించుకుని మన దేశం వచ్చిన వాల్టర్ కాఫ్మన్. అందులో పలికేది ఫిడేలే, వాయించినవాడు మెహ్లీ మెహతా అని చెబుతారు. నెల్లూరు తీరాన మైపాడులో, కొత్తకోడూరులో పడవలు నీళ్ళలోకి తోసే వేళకి టీకొట్టు రేడియోలోంచి వినిపించేది ఆ కమానే. 1940లో రేడియోవాళ్ళు హార్మోనియాన్ని వెలివేశారు, మెట్ల మీద గమకం పలకదని. ఆ వెలి మూడు దశాబ్దాలు సాగింది. అన్నాళ్ళూ రేడియో పాట వెనక ఫిడేలుకి ఎదురు లేకుండా పోయింది.

సంగీతం సంగతి అలా ఉంచితే, ఫిడేలు అనే మాటని తెలుగు కవిత్వం నెత్తిన పెట్టినవాడు నెల్లూరువాడే. తిక్కవరపు పట్టాభిరామిరెడ్డి, 1919లో నెల్లూరులో పుట్టాడు. సంపన్న కుటుంబం. శాంతినికేతనంలో చదివి, అమెరికాలో కొలంబియా విశ్వవిద్యాలయం చూసి వచ్చాడు. 1939లో ఫిడేలు రాగాల డజన్ అని ఒక పుస్తకం వేశాడు. శ్రీశ్రీ దానికి ముందుమాట రాశాడు. రాగాలని అరటిపళ్ళలా డజన్లలో లెక్కపెట్టడం చూసి పెద్దలు ఉలిక్కిపడ్డారు. వీణ అనకుండా, వేణువు అనకుండా ఫిడేలు అన్నాడు. ఛందస్సు బిగింపులన్నీ సడలించి, నగరం వీధుల్లో దొరికిన మాటలతో కొత్త శ్రుతి కట్టుకోదలచినవాడికి ఓడ దిగి వచ్చి ఇంటివాడైపోయిన వాయిద్యం కన్నా తగిన పేరు ఏముంటుంది? తర్వాత ఆయన సినిమాల్లోకి వెళ్ళి 1970లో కన్నడంలో సంస్కార తీశాడు. ఆ పుస్తకం మాత్రం నెల్లూరు పేరు చెబితే ఇప్పటికీ గుర్తొస్తుంది.

కెల్టిక్ మేళంలోనూ ఓల్డ్ టైమ్ మేళంలోనూ ఫిడేలు పక్కన తరచు మాండలిన్ కనిపిస్తుంది. తీగల వరస రెండింటికీ ఒకటే. ఫిడేలుకి బాలుస్వామి చేసిన పనే మాండలిన్‌కి పాలకొల్లు కుర్రవాడు ఉప్పలపు శ్రీనివాస్ చేశాడు. తండ్రి సత్యనారాయణ క్లారినెట్ వాద్యకారుడు. ఇంట్లో ఉన్న మాండలిన్‌ని ఆరేళ్ళప్పుడు తీశాడు. 1978లో గుడివాడలో తొలి కచేరీ చేసేనాటికి తొమ్మిదేళ్ళు. మెట్లున్న వాయిద్యం మీద గమకమా అని పెదవి విరిచినవాళ్ళే తర్వాత ముందువరసలో కూర్చున్నారు. 2014లో, 45 ఏళ్ళకే పోయాడు.

ఇంతకీ మన దగ్గర ఫిడేలు ఊరి మేళంగా నిలిచింది ఎక్కడంటే, హరికథలో.

నెల్లూరుకి హరికథ కొత్త కాదు. ఎస్.పి. బాలసుబ్రహ్మణ్యం తండ్రి సాంబమూర్తిగారు ఇక్కడి హరికథా విద్వాంసుడే. తిప్పరాజువారి వీధిలోని ఆ ఇంటిని బాలు 2020లో వేదపాఠశాల కోసం కంచి మఠానికి ఇచ్చాడు. ఆ తరంలో శ్రీరామనవమి వస్తే పట్నంలో పందిళ్ళు, సముద్రం ఒడ్డు ఊళ్ళలో పందిళ్ళు. కొబ్బరాకుల పందిరి, ఇసక మీద పరిచిన చాపలు, రెండు చెక్కబల్లలు కలిపిన వేదిక. మధ్యలో కాళ్ళకి గజ్జెలు, చేతిలో చిడతలు, మెడలో పూలదండతో దాసుగారు. ఒక పక్క మృదంగం, ఒక పక్క ఫిడేలు. ముగ్గురే మేళం.

అక్కడ ఫిడేలాయన చేసే పని కచేరీలో చేసే పని కన్నా కష్టం. దాసుగారు పద్యం ఎత్తుకుంటే అరనిమిషం ముందు చెప్పడు. మోహన రాగంలో ఉన్నవాడు నాలుగు మాటల హాస్యం చెప్పి, జనం నవ్వు ఆగేలోగా ముఖారిలో ఏడుపు అందుకుంటాడు. ఆ మధ్యలో ఫిడేలు కమాను తీగ మీద నుంచి లేవకూడదు. మాటలప్పుడు సన్నగా షడ్జం పట్టి ఉంచాలి, దాసుగారి గొంతు ఏ మూలకి వంగుతోందో పసిగట్టి రాగం ఛాయ ముందే వెయ్యాలి. దాసుగారి గొంతు రాసుకుపోయిన రాత్రి ఆ గొంతు వదిలేసిన స్వరాన్ని తాను పూరించాలి, పూరించినట్టు ఎవరికీ తెలియకూడదు. సీతమ్మని రావణుడు ఎత్తుకుపోతుంటే కమాను వేగంగా రెండు తీగల మీద కొట్టుకుంటుంది. సముద్రం ఒడ్డున కూర్చుని సేతుబంధనం వినే పట్టపు జాలరులకి అలల హోరు ఏది, ఫిడేలు ఏది అన్న విచికిత్స ఉండదు, రెండూ కథలోవే. దాసుగారు మెచ్చుకుంటే ఒక చూపు చూస్తారు. శభాష్ అనడానికి ఆయనకి తీరిక ఉండదు.

కాగితం లేదు, ముందు అనుకున్నది లేదు, తెల్లవారేదాకా ఒకరి చెవిని ఒకరు నమ్ముకుని వాయించడమే. ఐర్లండు పబ్బులో మూలబల్ల దగ్గర కూర్చున్న ఫిడేలుగాణ్ణి తెచ్చి ఇక్కడ కూర్చోబెడితే భాష తెలియకపోవచ్చు కానీ పని తెలుస్తుంది. ఇప్పుడు కొన్ని మేళాల్లో ఫిడేలు చోట కీబోర్డు చేరింది. దానికి తేమ బాధ లేదు, బిరడాల బాధ లేదు. ముఖారి మాత్రం దానికి ఇంకా పట్టుబడలేదు.

మంగళం పాడేసరికి తూర్పున తెల్లబడుతుంది. పళ్ళెంలో కర్పూరం అందరి మధ్యకీ తిరుగుతుంది. దాసుగారి చుట్టూ జనం మూగుతారు, శాలువా కప్పుతారు, కాళ్ళకి దండం పెడతారు. ఫిడేలాయన వేదిక మూల కూర్చుని కమాను మరని రెండు చుట్లు వదులు చేస్తాడు. రోజిన్ రాలి తీగల కింద తెల్లగా పేరుకున్న పొడిని పాత పట్టుగుడ్డ ముక్కతో తుడుస్తాడు. ఫిడేలుని పెట్టెలో పడుకోబెట్టి, పైన ఆ గుడ్డే కప్పి, గొళ్ళెం వేస్తాడు. ఎవరో ఇత్తడి గ్లాసులో కాఫీ తెచ్చిస్తారు. అది తాగి, పెట్టె చంకన పెట్టుకుని, నెల్లూరు వెళ్ళే మొదటి బస్సు కోసం ఇసకలో నడుచుకుంటూ రోడ్డు మీదికి వెళతాడు.